సత్తు రెక్కలకు కళాయి: మా డాబా మీద ఆరు నెలల ప్రైమర్ పరీక్ష

మా ఇల్లు చెన్నై తిరువాన్మియూర్‌లో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. ఉప్పుగాలి ఏం చేస్తుందో నమ్మనివాళ్లు వచ్చి మా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక చెయ్యి పెట్టి చూడండి. కొని మూడేళ్లు కాలేదు, ఆ సన్న రేకులు విభూతిలా రాలుతున్నాయి. లోపల రాగి గొట్టం, దాని చుట్టూ అల్యూమినియం రేకులు, పైన ఉప్పు తేమ. మూడూ కలిస్తే దాన్ని ఏసీ అనకూడదు, బ్యాటరీ అనాలి. ముప్పయ్యొక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను, గాల్వానిక్ సెల్ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. మా గోడకే ఒకటి వేలాడుతోందని రిటైరయ్యాక గానీ చూసుకోలేదు.

అందుకే మా అబ్బయ్య అమెరికా నుంచి విమానం తోక కిట్టు తెప్పించి కారు షెడ్డులో పెట్టె విప్పినప్పుడు, ఇది ఎగురుతుందా అని అడగలేదు నేను. "దీనికి లోపల ఏం పూస్తావురా?" అన్నాను.

"ప్రైమర్ అమ్మా. ఏదో ఒకటి కొడతాలే."

ఆ ఏదో ఒకటి ఏదో తేలడానికి పది నెలలు పట్టింది. వాడు ఒరగడంలో కార్ల కంపెనీలో ఇంజనీరు, ఆదివారాలు మాత్రమే దొరుకుతాడు. మిగతా ఆరు రోజులూ షెడ్డు, రేకు ముక్కలు, డాబా నా చేతిలోనే. విమానాలకు అనుమతులిచ్చే డీజీసీఏ కాగితాలు వాడి గొడవ, అందులో నేను వేలు పెట్టను. ఇంట్లో విమానం ఏమిటని ముక్కున వేలేసుకునే బంధువులకు మాత్రం ఒక మాట చెబుతుంటాను: 1910లోనే మద్రాసులో హోటల్ నడిపిన జాకొమో డీ ఏంజెలిస్ అనే ఆయన సింప్సన్ కంపెనీలో విమానం కట్టించి ఎగరేశాడు. ఆ కాలపు విమానాలు చెక్కా గుడ్డా కాబట్టి ఆయనకు ఈ ప్రైమర్ బాధ ఉండి ఉండదు.

మా వాడిది ఆర్‌వీ రకం, ఇద్దరు కూర్చునే మెటల్ విమానం. కిట్టు ఒరెగాన్ రాష్ట్రం నుంచి వస్తుంది. పై రేకు 2024-టీ3 ఆల్‌క్లాడ్ అనే రకం. మా నెల్లూరు వైపు అల్యూమినియం గిన్నెను సత్తు గిన్నె అంటాం కదా, ఇదీ సత్తే, కాకపోతే బలం కోసం ఇంచుమించు 4 శాతం రాగి కలిపారు. బలం వచ్చింది, జబ్బూ వచ్చింది: రాగి ఉన్నచోటల్లా రేకు లోపలే చిన్న చిన్న బ్యాటరీలు తయారవుతాయి. దానికి విరుగుడుగా రెండు వైపులా పలచగా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికించారు, ఆల్‌క్లాడ్ అంటే అదే. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించినట్టే. మా రేకు మందం 0.025 అంగుళం, అందులో ఒక్కో వైపు కళాయి 5 శాతం, అంటే సుమారు 32 మైక్రాన్లు. గీత పడినా ఈ పొర ముందు తాను కరిగి లోపలి లోహాన్ని కాస్తుంది. అలాగని స్కాచ్‌బ్రైట్ పెట్టి మెరిసేదాకా తోమామంటే, గిన్నెకు కళాయి వేయించి దాన్నే గీకి పారేసినట్టు.

మరి కళాయి ఉండగా ప్రైమర్ ఎందుకు? ఇళ్లలో విమానాలు కట్టుకునేవాళ్ల మధ్య ఇదే పెద్ద తగువట, సాంబారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్నంత తగువు. ఆల్‌క్లాడ్‌కు అక్కర్లేదు, బరువు దండగ అని ఒక పక్షం. ప్రతి ముక్కకూ కొట్టాల్సిందేనని రెండోది. ఎడారి ఊళ్లో షెడ్డులో ఉండే విమానానికి మొదటి పక్షం మాట చెల్లుతుందేమో. నా తగువంతా రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చునే సందు గురించి. పైన పడ్డ నీరు ఎండకు ఆరిపోతుంది. సందులోకి పాకిన నీరు ఆరదు, గాలి ఆడదు, ఉప్పు మిగిలిపోతుంది. ఆక్సిజన్ అందని ఆ లోపలి చోటే ఆనోడ్ అయి కరగడం మొదలుపెడుతుంది. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీద అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాల్లో ఉండగానే ఊడిపోయింది కదా, ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణం పోయింది. అది పంతొమ్మిదేళ్ల విమానం, 89 వేలకు పైగా సార్లు ఎగిరి దిగింది, అదీ సముద్రపు గాలిలో. రేకులు అతికిన అంచుల దగ్గర జిగురు విడిపోయి, తుప్పు పట్టి, రివెట్ల వెంట పగుళ్లు పాకాయి. మా వాడి బొమ్మ విమానానికి క్యాబిన్ ప్రెజర్ లేదు, దానితో పోలిక లేదు. సందు మాత్రం సందే.

అందుకని మీద ఎంత అందంగా పడింది అని చూడలేదు. సందులో పెట్టి ఆరు నెలల తర్వాత విప్పితే ఎలా ఉంది అన్నదానికే మార్కులు వేశాను. పాతికకు.

ముందు కొనడం సంగతి. చెన్నైలో పెయింటు షాపుకెళ్లి అల్యూమినియానికి ప్రైమర్ కావాలంటే నూటికి తొంభై మంది ఒకటే మాట: "రెడ్ ఆక్సైడ్ పోదుమ్మా!" అంటే తమిళంలో అది చాలమ్మా అని. గేట్లకూ గ్రిల్లులకూ అది బాగానే ఉంటుంది. రేకు విమానానిదని జనరల్ ప్యాటర్స్ రోడ్డు షాపులో చెబితే కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లి ఇంకొకణ్ణి పిలుచుకొచ్చాడు, ఇద్దరూ కలిసి చూశారు. ఇంకో షాపులో జింక్ ఎక్కువున్నది చాలా స్ట్రాంగ్ అంటూ జింక్ రిచ్ ఇవ్వబోయారు. అది ఇనుము కోసం: జింక్ తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. అల్యూమినియం, జింక్ దాదాపు పక్కపక్క ఇళ్లవాళ్లు, ఒకరి కోసం ఒకరు చచ్చేంత తేడా వాళ్ల మధ్య లేదు. చివరికి ప్యారీస్ కార్నర్ సందుల్లో ఒక ముసలాయన, నా తమిళం రెండు ముక్కలు విని, "మీరు నెల్లూరు పక్కన కదమ్మా?" అన్నాడు. నా అవసరం పూర్తిగా విన్నాక ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "పైన మళ్లీ పెయింటు వేస్తారా, ప్రైమరుతోనే వదిలేస్తారా?" అంతమంది షాపువాళ్లలో సరైన ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. తోక లోపల పైపూత ఉండదు, ప్రైమరే మొదలూ చివరా.

నాలుగు రకాలు తెచ్చాను. వీటికి తోడు ఏమీ పూయని రేకు ఒకటి, పోల్చి చూసుకోవడానికి.

పరీక్ష ఇలా పెట్టాను. మిగిలిన తుంపు రేకుల్ని రెండంగుళాలు నాలుగంగుళాల ముక్కలు చేశాం. ఒక్కో ప్రైమరుకు రెండు ముక్కలు, ఎదురెదురు మొహాలకు పూత, ఎండాక అబ్బయ్య ఏఎన్470 అనే విమానాల రివెట్లు కొట్టి జత చేశాడు. ఉగాదికి డాబా మీద బట్టల తీగకు వేలాడదీశాం. పొద్దున్నే బీచికి నడకకు వెళ్లినప్పుడు సీసాలో సముద్రపు నీళ్లు తెచ్చి, రోజూ ఒక్కో జత మీద చిలకరించేదాన్ని. పక్కింటావిడ మొదటి వారం ఏదో నోము అనుకుంది. అసలు ల్యాబుల్లో అయితే 5 శాతం ఉప్పునీటి పొగమంచులో 35 డిగ్రీల దగ్గర వందల గంటలు ఉంచుతారు. నాది అంత పద్ధతైన పరీక్ష కాదు. మా తోక బతకబోయే గాలి మాత్రం ఇదే.

మొదట స్ప్రే డబ్బా. సెల్ఫ్ ఎచింగ్ అని రాసి ఉంటుంది, మాకు ఏడొందలు పడింది. ఇంత సుఖమైనది ఇంకోటి లేదు: ఊపు, కొట్టు, పది నిమిషాల్లో ఆరిపోతుంది. అబ్బయ్యకు ఇదే ఇష్టం. ఎండిన వారానికి దూదిలో అసిటోన్ ముంచి రుద్దితే పూతంతా దూదిలోకి వచ్చేసింది. గట్టిపడటమంటే ద్రావకం ఆవిరి కావడమే తప్ప అణువుల మధ్య కొత్త బంధాలేవీ పడలేదు. దసరాకు రివెట్లు డ్రిల్ చేసి విప్పితే, రివెట్ తలల చుట్టూ రేకులు రేకులుగా లేచిపోయి ఉంది, అంచు నుంచి గోరంత వెడల్పున తెల్ల పొడి. పాతికకు తొమ్మిది. చిన్న గీతలు పడ్డచోట టచప్‌కు ఒక డబ్బా ఉంచుకోండి, అంతే.

రెండోది వాష్ ప్రైమర్, రెండు సీసాలుగా వస్తుంది: ఒకదాన్లో పాలీవినైల్ బ్యూటిరాల్ రెజిన్, రెండో దాన్లో ఫాస్ఫారిక్ యాసిడ్. పలచగా, పసుపు నీళ్లలా ఉంటుంది. ఆరితే పది మైక్రాన్లు. పట్టు అంటే దీనిదే. బ్లేడుతో గళ్లు గీసి సెల్లో టేపు అంటించి లాగితే ఒక్క గడి కూడా ఊడలేదు. యాసిడ్ లోహాన్ని కొంచెం కొరికి, ఆ కొరికిన చోటే అంటుకుంటుంది. ఆ ముసలాయన ప్రశ్నకు అర్థం ఇక్కడ తెలిసింది. ఈ పూత జల్లెడ లాంటిది, నీటిని ఆపదు. పైన ఇంకో పూత పడుతుందన్న నమ్మకంతో తయారైన సరుకు ఇది. సందు విప్పితే పూత ఎక్కడిదక్కడే ఉంది, దాని కిందే తెల్ల చుక్కలు, పాత పుస్తకానికి పట్టిన మచ్చల్లా. పద్నాలుగు మార్కులు. దీని మీద ఎపాక్సీ (నాలుగో రకం, కింద చెబుతాను) వేస్తే రెండు లాభాలూ వస్తాయి కదా అని నాకూ అనిపించి ఒక జత చేసి చూశాను. చేయకండి. మిగిలిన యాసిడ్ ఎపాక్సీని గట్టిపరిచే హార్డెనర్‌లోని అమీన్ అనే క్షారాన్ని తినేస్తుంది. పూత గోటికి నొక్కుకుపోయేంత మెత్తగా మిగిలింది. ఆమ్లం, క్షారం ఎదురుపడితే ఏమవుతుందో ముప్పయ్యేళ్లు చెప్పినదాన్ని నేను!

మూడోది పసుపు పచ్చ జింక్ క్రోమేట్. దీని గురించి నిజమే చెప్పాలి. విప్పితే సందు శుభ్రంగా ఉంది, కొత్త రేకులా. 1930ల నుంచి విమానాలకు వాడుతున్నారంటే ఊరికే కాదు. క్రోమేట్ కొంచెం కొంచెంగా తేమలో కరిగి, గీత పడ్డచోటికి తానే వెళ్లి అక్కడ క్రోమియం ఆక్సైడ్‌గా మారి మూసేస్తుంది. పుండుకు తానే పట్టీ వేసుకునే పూత. పనితనానికి ఇరవై మూడు. అయినా ఆ డబ్బాకు మూత బిగించి షెడ్డు పై అరలో పెట్టేశాను. ఇందులో ఉన్నది హెక్సావాలెంట్ క్రోమియం, మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన గ్రూప్ 1 పదార్థం. మన దగ్గర ఇంకా మామూలు షాపుల్లో దొరుకుతుంది, డబ్బా మీద ఐఎస్ 104 అని భారతీయ ప్రమాణం నంబరు ఉంటుంది. కొట్టేటప్పుడు మాస్కు పెట్టుకుంటానంటాడు అబ్బయ్య. సరే, మరి ఐదేళ్ల తర్వాత ఒక రంధ్రం పెద్దది చేయడానికి డ్రిల్ పెట్టినప్పుడు, గీకినప్పుడు లేచే పొడి? ఇక్కడికి రెండు మూడు గంటల దూరంలో రాణిపేట ఉంది. అక్కడ క్రోమేట్ ఫ్యాక్టరీ ఒకటి 1990ల్లో మూతపడితే, లక్ష టన్నులకు పైగా వ్యర్థాలు గుట్టగా మిగిలి బావుల నీళ్లు పచ్చబడ్డాయి. అది తలుచుకున్నాక నా కారు షెడ్డులో కొట్టనిస్తానా?

నాలుగోది రెండు డబ్బాల ఎపాక్సీ, జింక్ ఫాస్ఫేట్ పిగ్మెంటుతో. ఫ్యాక్టరీ మెషీన్లకూ ట్యాంకులకూ వాడేది. దీనితో నా పరిచయం పోట్లాటతో మొదలైంది. మొదటిసారి ఒక షాపులో కొన్న సెట్టు నాలుగు రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది. హార్డెనర్ డబ్బా తిప్పి చూస్తే తారీఖు మీద ధర చీటీ అంటించి ఉంది. గోటితో గీకాను: గడువు దాటి పద్నాలుగు నెలలు. తీసుకెళ్తే, మూత తీసిన సరుకు వాపసు తీసుకోం అన్నారు. మూత తీయకుండా ఎలా తెలుస్తుంది నాయనా అంటే జవాబు లేదు. షాపు పేరు రాయను, కానీ మీరు చీటీ కింద చూసి కొనండి. రెండో సెట్టు ప్యారీస్ ముసలాయన దగ్గరే కొన్నాను, రెండు వేల ఆరు వందలు.

ఇది నాలుగు పాళ్లు బేస్, ఒక పాలు హార్డెనర్. కలిపాక ఇరవై నిమిషాలు ఊరనివ్వాలి, ఇడ్లీ పిండి కాదు గానీ ఆ ఓపిక కావాలి. డబ్బా మీద 25 డిగ్రీల దగ్గర ఆరు గంటలు వాడుకోవచ్చని రాశారు. రోహిణి కార్తెలో మా షెడ్డు 36 డిగ్రీలు. ప్రతి పది డిగ్రీలకూ రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది కాబట్టి మూడు గంటల లోపే గంజిలా చిక్కబడింది. కొంచెం కొంచెంగా కలుపుకోవడమే మార్గం. కార్తీకం వానల్లో అసలు కొట్టకండి. గాలిలో తేమ 85 శాతం దాటితే అమీన్ బయటికి వచ్చి గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైన జిడ్డుపొర కడుతుంది. పొద్దున పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపు మాకు అనువైన సమయం.

దసరాకు ఈ జత విప్పినప్పుడు సందు అంతా బూడిదరంగులో కదలకుండా ఉంది, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోట పూత ఉబ్బి లేచింది, లేచిన ఆకారం స్పష్టంగా బొటనవేలి ముద్ర. పూత వేసే ముందు అబ్బయ్య పట్టుకున్నాడు. ఆ సాయంత్రం బెసెంట్ నగర్ బీచిలో బజ్జీలు తిని వచ్చాడని నాకు గుర్తుంది. వాడు ఒప్పుకోడు. ముక్క మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. ఇరవై రెండు మార్కులు, ముద్ర వాడి ఖాతాలో.

కాబట్టి శుభ్రం చేసే పద్ధతి కూడా చెప్పాలి. గిన్నెలు తోమే సబ్బు ద్రావణం, మెరూన్ స్కాచ్‌బ్రైట్‌తో తేలిక చెయ్యి, కళాయి పోకుండా. స్టీలు పీచు ముట్టుకోకూడదు, ఇనుము తునకలు రేకులో గుచ్చుకుని ఒక్కోటీ ఒక్కో బ్యాటరీ అవుతుంది. తర్వాత నీళ్లు పోసి చూడాలి. తామరాకు మీద నీళ్లలా బొట్లు బొట్లుగా నిలిస్తే జిడ్డు ఉందన్నమాట, మళ్లీ తోమాలి. నీరు పొరలా పరుచుకుని కాసేపు అలాగే నిలిస్తే అప్పుడు సరి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం, అక్కడి నుంచి చేతికి గ్లవ్స్. షాపుల్లో విడిగా అమ్మే థిన్నర్‌తో తుడిస్తే అందులోని జిడ్డే అంటుతుంది, నేను గాజు పలక మీద ఆరబెట్టి చూశాను.

బరువు సంగతి అడుగుతారు. ఒక చదరపు మీటరుకు 25 మైక్రాన్ల పూత అంటే 25 ఘన సెంటీమీటర్లు. ఎండిన ఎపాక్సీ సాంద్రత 1.4 అనుకుంటే 35 గ్రాములు. తోక లోపల పది చదరపు మీటర్లు అనుకున్నా 350 గ్రాములు, ఇంట్లో ఒక పూటకు నానబెట్టే కందిపప్పంత. కాకపోతే తోకలో పడే బరువు విమానం బ్యాలెన్సును ఎక్కువ కదుపుతుంది. అందుకే మేం మొత్తం పూయలేదు: రేకులు కలిసే చోట్లు, పక్కటెముకల అంచులు, రివెట్ వరసలు, 6061 అనే ఇంకో రకం అల్యూమినియంతో చేసిన, కళాయి లేని ముక్కలు. మిగతా ఆల్‌క్లాడ్ మొహాలు ఊరికే వదిలేశాం. పూత లేని జతలో కూడా తెరిచి ఉన్న మొహం కొంచెం మసకబారిందే తప్ప చెడలేదు. చెడిందంతా సందులోనూ, కళాయి తెగిన కోత అంచు దగ్గరా. ఆ పూత లేని జతకు పన్నెండు వేశాను, స్ప్రే డబ్బా కంటే ఎక్కువ, నాకే నవ్వొచ్చింది.

దిగుమతి సరుకు తెప్పించుకుందాం అని అబ్బయ్య కొన్నాళ్లు ఊగాడు. విమానాల ఎపాక్సీకి ఎంఐఎల్-పీఆర్ఎఫ్-23377 అని అమెరికా మిలిటరీ ప్రమాణం ఉంది, అందులో క్లాస్ సీ క్రోమేట్‌ది, క్లాస్ ఎన్ క్రోమేట్ లేనిది. తెప్పించుకోగలిగినవాళ్లు క్లాస్ ఎన్ అడగండి. మండే ద్రవం కాబట్టి రవాణా ఖర్చు పెయింటు ఖర్చును మింగేస్తుంది, మేం మానేశాం. ఇంకో జాగ్రత్త: నేను మెచ్చుకున్నది ఫ్యాక్టరీ ఎపాక్సీని. మన చేత్తో మనం కట్టుకునే విమానానికి ఆ ఎంపిక మనదే. ఫ్లయింగ్ స్కూలు సెస్నా విమానానికి మాత్రం దాని మాన్యువల్ ఏది చెబితే అదే. కొన్ని రెండు డబ్బాల ప్రైమర్లలో హార్డెనర్ ఐసోసయనేట్ అనే, ఊపిరికి ప్రమాదమైన రసాయనం కూడా అయి ఉంటుంది, లేబుల్ చదవండి, దానికి మామూలు గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు.

రెక్కల పెట్టె ఇంకా ఓడలో ఉంది. వచ్చేలోపు ఇంకో జత తీగకు కట్టాను, ఈసారి సముద్రపు నీళ్లు రోజుకు రెండు పూటలా. దీని ముక్కలు తుడిచిందీ, పూసిందీ, జతచేసి పట్టుకుందీ నేనే. అబ్బయ్యను రివెట్లు కొట్టడానికి మాత్రం రానిచ్చాను, అదీ గ్లవ్స్ తొడిగించి.